రేసింగ్ సీట్ కొంటున్నారా? ముందు ఎయిర్‌బ్యాగ్ సంగతి చూడండి

కారులో రేసింగ్ సీట్ వేయించాలనుకుంటే బ్రాండ్, లుక్ తర్వాత చూద్దాం. ఇప్పుడున్న సీటు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ ట్యాగ్ ఉందా? ఉంటే సీటుతో పాటు సైడ్ ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుంది. వార్నింగ్ లైట్‌ని రెసిస్టర్ పెట్టి ఆర్పేస్తామంటారు షాపువాళ్లు. లైట్ ఆరుతుంది సరే, ఎయిర్‌బ్యాగ్ తిరిగి రాదు కదా!

అందుకే రోజూ ఫ్యామిలీతో తిరిగే కారుకి నేనైతే వద్దనే చెబుతా. ట్రాక్‌కి వెళ్లేవాళ్లైతే ఫిక్స్‌డ్ బ్యాక్ బకెట్ సీటే తీసుకోండి, అదీ కూర్చుని చూశాకే. నడుము దగ్గర వదులైతే దండగ. సెకండ్ హ్యాండ్ అయితే ఎఫ్‌ఐఏ లేబుల్ మీద తేదీ చూడండి: 8855-1999 స్టాండర్డ్ సీటుకి తయారైనప్పటి నుంచి 5 ఏళ్లు, 8862-2009కి 10 ఏళ్లు. మీ మోడల్‌కి సరిపోయే బ్రాకెట్ మాత్రం విడిగా కొనాల్సిందే.