వైరస్‌కీ ఓ మేనేజర్!

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో ఉండేవాళ్లకి సినిమా ఎలా తీస్తారో చెప్పక్కర్లేదు. చేతిలో స్క్రిప్టు ఉంటే చాలు... కెమెరా, లైట్లు, జనరేటరు, ఆఖరికి కుర్చీలు కూడా అద్దెవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని తెచ్చిపెట్టే హెచ్‌పీవీ వైరస్‌దీ అదే పద్ధతి. కాకపోతే అద్దె ఇవ్వదు! మనిషి డీఎన్ఏ 300 కోట్ల అక్షరాలైతే దానిది 8 వేలే. అంత చిన్న స్క్రిప్టులో డీఎన్ఏని కాపీ తీసే యంత్రానికి చోటేదీ? అందుకే మన కణంలోని యంత్రాన్నే వాడేసుకుంటుంది.

మరి ఆ యంత్రానికి ‘ఇక్కణ్నుంచి మొదలుపెట్టు’ అని చెప్పేదెవరు? వైరస్ సొంత ప్రొటీన్లు రెండు... ఇ1, ఇ2. మెలితిరిగిన డీఎన్ఏ గాడిలో ఇ2 తడుముకుంటూ వెళ్తుంది. 12 అక్షరాల ఓ గుర్తు తగలగానే అతుక్కుపోతుంది. సరైన చోటు వెతుక్కోవడంలో ఇ1 కాస్త వెనకే. ఇ2 చెయ్యిపట్టి తీసుకొచ్చి కూర్చోబెడుతుంది. అక్కడ ఇ1లు ఆరేసి చొప్పున రెండు ఉంగరాల్లా చేరి, డీఎన్ఏ పోగుల్ని జిప్పులా విప్పుతాయి. అంతే, కాపీలు మొదలు!

విచిత్రమేంటంటే, ఇ2 అదుపు చేసేది కూడా. ఇ6, ఇ7 అనే రెండు దుష్ట ప్రొటీన్లు ఎక్కువగా తయారవకుండా చూస్తుంది. వైరస్ డీఎన్ఏ తెగి మన క్రోమోజోములో ఇరుక్కున్నప్పుడు తరచూ పాడయ్యేది ఇ2 జన్యువే. ఇక ఆ రెండిటికీ అడ్డుండదు. కణ విభజనకు బ్రేకులు వేసే మన ప్రొటీన్లను దెబ్బతీస్తాయి. అయితే పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపే ఈ వైరస్ దానంతటదే పోతుంది. మిగిలినవాళ్లలో కొందరికే అది క్యాన్సర్‌గా మారుతుంది, అదీ చాలా ఏళ్లకి.

ఈ వైరస్‌కీ క్యాన్సర్‌కీ లంకె పట్టుకున్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. 2022 అంచనాల ప్రకారం మనదేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ సోకింది. దాదాపు 80 వేలమంది చనిపోయారు.

ఇ1, ఇ2ల జోడీని విడదీసే మందు కోసం ప్రయత్నాలు జరిగాయి కానీ మార్కెట్లోకి ఏదీ రాలేదు. వైరస్‌ని అసలు లోపలికే రానివ్వకుండా చేసేది టీకా. 2009లో ఖమ్మం జిల్లాలో దీన్ని ఆడపిల్లలకు ఇస్తే, కొందరు చనిపోయారన్న గొడవతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదనే విచారణ కమిటీ భావించింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. ఆ భయం నేటికీ కొన్ని ఇళ్లల్లో ఉంది. 2023లో మనదేశంలోనే తయారైన టీకా కూడా వచ్చింది.

టీకా వయసు దాటిపోయిన అమ్మల మాటేమిటి? ఎన్టీఆర్ సతీమణి పేరిట 2000లో బంజారాహిల్స్‌లో మొదలైన బసవతారకం లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో ముందస్తు పరీక్షలు చేస్తారు. 35 ఏళ్లకోసారి, 45కి మరోసారైనా చేయించుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.