గట్టు మీద నిలబడితే దోమ కనపడదు

సార్వా చేలు పొట్టకు వచ్చే రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ గట్టు మీద నిలబడినా కనుచూపు మేర పచ్చదనమే. ‘చేను బాగుంది’ అనుకుని రైతు ఇంటిముఖం పడతాడు. పది రోజులు పోయాక చూస్తే మడి మధ్యలో బండి చక్రమంత మేర ఎర్రబడి, పడిపోయి ఉంటుంది. మరికొన్నాళ్లకు అది కళ్లమంత అవుతుంది. ఇదే దోమపోటు. సుడులు సుడులుగా ఎండబెడుతుంది గనుక ఈ పురుగుకు సుడిదోమ అని పేరు.

సొంత చేను అయితే గింజలు పోతాయి. కౌలు రైతుకు గింజలూ పోతాయి, ఇవ్వవలసిన కౌలు బస్తాలూ మిగులుతాయి.

ఈ దోమ ఆకుల మీద ఉండదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. కనుక రైతు చేలోకి దిగవలసిందే. అక్కడక్కడ దుబ్బులు వంచి తట్టి చూడాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 పురుగులు కనిపిస్తే మందు కొట్టక తప్పదు.

అంతకు ముందే తొందరపడితే ముప్పు. చేలో తిరిగే సాలీళ్లు, మిరిడ్ నల్లులు దోమను తినే మన నేస్తాలు. పక్క చేలో కొట్టారనో, కొట్టులో అరువుకు ఇచ్చారనో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే ముందు చచ్చేది అవే. దోమ గుడ్లు ఆకుతొడుగు లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగి పిల్లలు బయటికి వచ్చేసరికి తినేవాడు ఉండడు. ఈ అనుభవంతోనే ఇండోనేషియా ప్రభుత్వం 1986లో 57 రకాల పురుగుమందులను వరిపై వాడకుండా నిషేధించింది.

జాగ్రత్త నాట్లనాడే మొదలు కావాలి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే మొదళ్లకు గాలీ వెలుతురూ తగులుతాయి. ‘బాట వదిలితే నేల దండగ’ అనేవారు ఉన్నారు. దోమ తినే నేలతో పోలిస్తే అది ఏపాటి? యూరియా ఒకేసారి గుమ్మరించరాదు. స్వర్ణ, సాంబ మసూరి రకాలు దోమకు ఆగవు. మార్టేరు పరిశోధన స్థానంవారి విజేత, ఇంద్ర కొంత తట్టుకుంటాయి.

దోమ కనిపిస్తే ముందుగా చేలో నీరు తీసి ఆరబెట్టాలి. లీటరు నీటికి బూప్రోఫెజిన్ 1.6 మిల్లీలీటర్లు గాని, పైమెట్రోజైన్ 0.6 గ్రాములు గాని కలిపి కొట్టాలి. ఏది తగునో వ్యవసాయాధికారిని అడగడం మేలు. పాయలు తీసి, మందు దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. పైపైన కొట్టిన మందు దోమను చేరదు, డబ్బు మాత్రం చేజారుతుంది.

ఈ వారం చేలోకి దిగి పది దుబ్బులు వంచి చూడండి. అందుకు పైసా ఖర్చు లేదు.