బాల్టీ కర్రీ.. పేరు ఉర్దూ, పుట్టిల్లు బర్మింగ్‌హామ్

బ్రిటన్‌లోని కర్రీ హోటళ్ల మెనూలో ‘బాల్టీ’ తప్పకుండా కనిపిస్తుంది. ఉర్దూలో బాల్టీ అంటే బకెట్. మన ‘బాల్చీ’ కూడా అదే పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. మరి కూరకు ఈ పేరేంటి?

బాల్టిస్తాన్ నుంచి వచ్చిందని కొందరంటారు. కానీ అక్కడి తిండి టిబెట్ వంటలకు దగ్గర, ఈ కూరతో పోలికే లేదు. ఇది రూపుదిద్దుకున్నది 1970లలో, బర్మింగ్‌హామ్‌లోని పాకిస్తానీ హోటళ్లలో. లేడీపూల్ రోడ్ చుట్టుపక్కలకు ‘బాల్టీ ట్రయాంగిల్’ అనే పేరే పడిపోయింది.

అసలు సంగతి గిన్నెలో ఉంది. పలుచటి స్టీల్ కడాయి, పెద్ద మంట, నెయ్యికి బదులు నూనె, ఎముకల్లేని మాంసం. నిమిషాల్లో వండి, అదే గిన్నెను పొగలు కక్కుతుండగా టేబుల్ మీద పెడతారు. నాన్‌తో అద్దుకుని తింటారు. వేరే గిన్నెలో వండింది ఇందులో పోసి తెస్తే అది పేరుకే బాల్టీ.

లాహోర్‌లోనో హైదరాబాద్‌లోనో లేదు కాబట్టి నకిలీ అనేస్తే ఎలా? వలస వెళ్లినవాళ్లు తమ కడాయి వంటను అక్కడి గిరాకీకి తగ్గట్టు మార్చుకున్నారు. అది వాళ్ల కష్టం, బర్మింగ్‌హామ్ అసలు వంటకం. అక్కడికి వెళ్తే హోటల్‌లో ఒక్క మాట అడగండి: ‘ఈ గిన్నెలోనే వండారా?’