పోచారం మత్తడి దూకుతోందా? అపోహలు – వాస్తవాలు

వానలు దంచికొట్టి పోచారం ప్రాజెక్టు నిండిందంటే చాలు, కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి బండ్లన్నీ నాగిరెడ్డిపేట దారి పడతాయి. మత్తడి దూకే తెల్లటి నీళ్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటి గురించి ఆ నోటా ఈ నోటా వినిపించే మాటలే ప్రాణాల మీదికి తెస్తాయి.

అపోహ: ఇది సహజ జలపాతం. కింది మడుగుల్లో ఈత కొట్టొచ్చు.

వాస్తవం: కుంటాల జలపాతంలో కడెం వాగు బండల మీంచి దూకుతుంది. పోచారంలో దూకేది కట్ట మీంచి. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టిన ఈ ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మత్తడికి గేట్లు లేవు. నిండితే నీళ్లు వాటంతటవే పొర్లుతాయి. గేటు ఎత్తే ముందు మోగే సైరన్ కోసం చూస్తే లాభం లేదు.

అపోహ: ఇక్కడ వాన లేదు, భయం లేదు.

వాస్తవం: ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన కొన్ని గంటల్లో ఇక్కడికి చేరుతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచిన వానలకు ఈ ప్రాజెక్టుకు ఎంత ఉధృతంగా వరద వచ్చిందో మనమంతా చూశాం. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, పుల్లలు, చెత్త కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కాలి.

అపోహ: నాకు ఈత వచ్చు.

వాస్తవం: బావిలో నేర్చిన ఈత మత్తడి కింద పనికిరాదు. పైనుంచి పడే నీళ్లు అడుగుకు వెళ్లి, తిరిగి కట్ట వైపే లాగుతాయి. నురగ నీళ్లలో గాలి ఎక్కువ కాబట్టి ఒళ్లు తేలదు. పాకుడు పట్టిన రాళ్ల మీద కాలు నిలవదు. మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడేస్తుంది.

అపోహ: మునిగేవాళ్లు కేకలు వేస్తారు. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

వాస్తవం: ఊపిరికే తడుముకునేవారికి కేక రాదు, చప్పుడు లేకుండానే మునిగిపోతారు. వెంట దూకకండి. తాడు, చీర, ఖాళీ డబ్బా, ఏది అందితే అది విసిరి 112కు ఫోన్ చేయండి. పొట్ట నొక్కితే కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడకపోతే, నేర్చుకున్నవారు నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయాలి.

వందేళ్లుగా మన పొలాలకు నీళ్లిస్తున్న ప్రాజెక్టు ఇది. పిల్లల చెయ్యి పట్టుకుని గట్టు మీంచే చూపించండి. ఆ హోరు, మొహాన పడే ఆ తుంపర అక్కడికీ అందుతాయి.