బాత్రూమ్‌కి సీలర్ కొట్టాలా? నాలుగు నీటి చుక్కల్ని అడగండి!

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు తీశాక బురద ఎత్తిపోశాం, బ్లీచింగ్ చల్లాం, కడిగాం. టైల్స్ మెరిశాయి కానీ బాత్రూమ్‌లో వాటి మధ్య గీతలు మాత్రం గోధుమ రంగులోనే ఉండిపోయాయి. ‘కాస్త యాసిడ్ పోద్దాం’ అంది అమ్మ. పోశాం. మరక సగమే పోయింది. జాయింట్లు మాత్రం గోరుతో గీకితే పొడిపొడిగా రాలాయి.

ఇక నేను ఫోన్ తీశాను. ప్రతి రీల్‌లోనూ ఒకటే మాట: ‘సీలర్ కొట్టండి, మరక పట్టదు, నీళ్లు దిగవు.’ వెంటనే డబ్బా కార్ట్‌లో వేసేశా. వరదలో ఫ్రిజ్, మంచాలు పోయిన ఇంట్లో ప్రతి రూపాయీ లెక్కే. అందుకే కొనే ముందు టైల్స్ మేస్త్రి గారిని అడిగా. ఆయన నవ్వి, ‘టైలు తాగదు బాబూ, జాయింటు తాగుద్ది. ముందు ఏది తాగుతుందో చూడు’ అన్నారు.

పది నిమిషాల పరీక్ష

బాత్రూమ్ బాగా ఆరాక టైల్ మీద, జాయింట్ మీద విడివిడిగా నాలుగేసి నీటి చుక్కలు వెయ్యండి. పది నిమిషాలు ఆగి తుడవండి. అక్కడ రంగు ముదిరిందంటే నీళ్లు లోపలికి దిగినట్టే. చుక్క చుక్కలాగే నిలిస్తే సీలర్‌తో పని లేదు.

ఏది తాగుతుంది?

విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీళ్లు పీల్చదు. గోడకు వేసే సిరామిక్ టైల్ లోపలి మట్టి 10 శాతం పైనే పీల్చగలదు కానీ, పైనున్న గాజులాంటి పూత నీటిని ఆపుతుంది. వీటి మీద సీలర్ కొడితే లోపలికి దిగదు, పైన జిడ్డు పొరలా మిగులుతుంది.

తాండూరు, బేతంచెర్ల, కడప బండలైతే కథ వేరు. అవి సున్నపురాయి, చుక్కల పరీక్ష తప్పనిసరి. యాసిడ్ అయితే అసలు తగలనివ్వొద్దు.

జాయింట్లలో ఎపాక్సీ నింపి ఉంటే సీలర్ అక్కర్లేదు. వైట్ సిమెంట్ గానీ, సిమెంట్ గ్రౌట్ గానీ అయితే నీళ్లు తాగుతాయి. సీలర్ పనికొచ్చేది అక్కడే.

మేం చేసిన తప్పులు

యాసిడ్ సిమెంట్‌ని తినేస్తుంది. అంతకంటే ప్రమాదం, బ్లీచింగ్ ఉన్నచోట యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకి తెస్తుంది. మాకు దగ్గుతోనే పోయింది, అదృష్టం.

రెండో తప్పు చెయ్యకుండా మేస్త్రి గారు ఆపారు. తడి ఆరని, పొడి రాలే జాయింట్ మీద సీలర్ కొడితే బురదని లోపలే పెట్టి తాళం వేసినట్టు. పాతది గీకి, కొత్తది నింపి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చి, అప్పుడు కొట్టాలి.

గోడ ఉబ్బితే?

సీలర్ మరకల్ని ఆపుతుంది, లీకుల్ని కాదు. మా బాత్రూమ్ అవతలి గోడకి పెయింట్ పెచ్చులూడుతుంటే అదీ వరద తేమే అనుకున్నాం. రెండ్రోజులు బాత్రూమ్ వాడకుండా చూశాం, అయినా చెమ్మ పెరుగుతూనే ఉంది. అంటే వాడిన నీళ్లు కాదు, ట్యాంకు నుంచి వచ్చే పైపు. ప్లంబర్ తవ్వి చూస్తే గోడలో ఎల్బో చిట్లింది. ఆ గోడ లోపలి వైపు డబ్బాడు సీలర్ పూసినా ఏమీ మారేది కాదు.

చివరికి స్నానం చేసే చోట నేల జాయింట్లకే సీలర్ కొట్టాం. చిన్న డబ్బా, చిన్న బ్రష్ సరిపోయాయి. అది ఎప్పటికీ ఉండేది కాదు కాబట్టి ఏడాదికోసారి మళ్లీ నాలుగు చుక్కలు వేసి చూస్తున్నా. కార్ట్‌లో వేసిన పెద్ద డబ్బా? ఆ రోజే తీసేశా. ఆ డబ్బులు ప్లంబర్‌కి పనికొచ్చాయి.