క్లబ్ లేని గోల్ఫ్ ఫ్యాన్స్

తెలుగు సినిమాలో గోల్ఫ్ ఎవరాడతారు? హీరోయిన్ వాళ్ల నాన్న. తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, పక్కన బ్యాగు మోసే పీఏ. బంతి ఎటు పోయిందో మనకి చూపించరు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి హీరోకి బ్లాంక్ చెక్ ఇస్తాడు. మనలో చాలామందికి గోల్ఫ్ గురించి తెలిసింది ఇంతే. అందుకే హన్మకొండలో ఉంటూ "నేను గోల్ఫ్ ఫాలో అవుతా" అని చెప్తే అవతలివాళ్ల మొహంలో ముందు జాలి కనిపిస్తుంది, తర్వాత అనుమానం. "ఏందిరా, ఏమన్న లోన్ తీసుకున్నవా?" అని మా బావ సీరియస్‌గానే అడిగాడు.

మా వాట్సాప్ గ్రూపులో ఏడుగురం. నేను, మా ఆఫీసువాళ్లిద్దరు, నిట్‌లో ఎంటెక్ చేస్తున్న ఓ తమ్ముడు, ఫొటో స్టూడియో నడిపే అన్న, కాజీపేటలో రైల్వే నుంచి రిటైరైన ఓ పెద్దాయన, ఇంటర్ సెకండియర్ చదువుతున్న ఓ అమ్మాయి. గోల్ఫ్‌లో బంతిని కొట్టే కర్రనీ క్లబ్ అంటారు, మెంబర్‌షిప్ ఉండే చోటునీ క్లబ్ అంటారు. మాకు రెండూ లేవు. మరి ఫ్యాన్స్ ఎలా అయ్యారంటే... సిరీస్‌లు, పుస్తకాలు, ఫోన్ గేమ్‌లు, పాటలు. ఆట మా దగ్గరికి ఆ దారిలోనే వచ్చింది.

మాలో నలుగురికి మొదలైన రోజు ఒకటే. 2021 ఆగస్టు 7, శనివారం. టోక్యో ఒలింపిక్స్. సాయంత్రం నీరజ్ చోప్రా గోల్డ్ కొట్టిన రోజని అందరికీ గుర్తుంటుంది. కానీ అదే రోజు తెల్లవారుజామున దేశంలో చాలామంది జీవితంలో మొదటిసారి లేచి కూర్చుని గోల్ఫ్ చూశారు. ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 200వ స్థానంలో ఉన్న అదితి అశోక్ పతకం కోసం ఆడుతోంది. బర్డీ అంటే ఏంటి, బోగీ అంటే ఏంటి అని ఒక చేత్తో గూగుల్ చేస్తూ ఇంకో చేత్తో స్కోర్ రిఫ్రెష్ చేశాం. చివరికి ఒక్క స్ట్రోక్ తేడాతో నాలుగో స్థానం. క్రికెట్‌లో ఓడితే తిట్టడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఇక్కడ ఎవర్ని తిట్టాలో తెలీలేదు. ఆ ఖాళీ నన్ను పట్టుకుంది.

తీగల వారబ్బాయి

2023 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో 'ఫుల్ స్వింగ్' వచ్చింది. ఫార్ములా వన్ మీద 'డ్రైవ్ టు సర్వైవ్' తీసినవాళ్లే దీన్నీ తీశారు. ఆట తెలియకపోయినా చూడొచ్చు. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం హోటల్ గదులు, విమానాలు, ఫోన్‌లో అమ్మానాన్నలతో మాటలు. మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ మాత్రం మన తెలుగు ఇళ్లల్లో వేరేగా తాకుతుంది. అందులో ఉన్నది సాహిత్ తీగల.

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన మురళీధర్, కరుణల కొడుకు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అమెరికా కామెంటేటర్లు ఆ ఇంటిపేరుతో నానా తంటాలు పడతారు. మా అమ్మ మాత్రం స్క్రీన్ మీద పేరు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: "వీళ్లు ఏ ఊరోళ్లు?" రెండో ప్రశ్న: "పెండ్లి అయిందా?"

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్. సాహిత్‌కి టూర్‌లో అది తొలి సీజన్. చివరి రోజు గెలుపు దాకా వచ్చాడు. 17వ హోల్‌లో కొట్టిన బంతి నేల మీద పడి, ఎడమకి తిరిగి, దొర్లుకుంటూ నీళ్లలోకి పోయింది. ఒక్క స్ట్రోక్ తేడాతో ప్లేఆఫ్ పోయింది. ఆట అయ్యాక ఇంటివాళ్లని పట్టుకుని ఏడ్చాడు. కోట్లు సంపాదించే ఆటగాడు అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడవడం చూస్తే, ఎంసెట్ రిజల్ట్ రోజు మన ఇళ్లల్లో జరిగే సీన్‌కీ దానికీ నాకు తేడా కనిపించలేదు. 2023 సెప్టెంబర్‌లో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో తొలి టైటిల్ కొట్టాడు. అప్పుడూ ఇంటివాళ్లు అక్కడే ఉన్నారు.

మా గ్రూపులో పెద్ద గొడవ జరిగింది మాత్రం ఈ రెండింటి మీద కాదు. 2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటాలోని ఈస్ట్ లేక్, మూడో రౌండ్. ఇసుక గుంటలోంచి, అంటే బంకర్‌లోంచి కొట్టేటప్పుడు బంతి కొట్టకముందు క్లబ్ ఇసుకకి తగలకూడదు. తగిలితే రెండు స్ట్రోక్‌ల శిక్ష. క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు రెండు మూడు ఇసుక రేణువులు కదిలినట్టు సాహిత్‌కి అనిపించింది. వెంటనే తనే చెప్పాడు. శిక్ష పడింది. టోర్నీలో మూడో స్థానంలో ముగించాడు, ప్రైజ్ 75 లక్షల డాలర్లు. రెండో స్థానంలో ఉన్న మోరికావాకీ అతనికీ తేడా సరిగ్గా రెండు స్ట్రోక్‌లు. అవి ఉండుంటే ఇద్దరూ రెండో స్థానంలో ఉండేవాళ్లు, చెరో కోటి డాలర్లు. అంటే ఆ ఇసుక రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లు.

"ఎవ్వలు సూడలే గదా, ఎందుకు చెప్పాలె?" అన్నాడు స్టూడియో అన్న. ఎంటెక్ తమ్ముడు "కెమెరాలుంటయన్నా, తర్వాత దొరికితే పరువు పోతది" అని లెక్క వేశాడు. రైల్వే సార్ ఒక్కటే మెసేజ్ పెట్టారు: "ముప్పై రెండేళ్లు టికెట్ కౌంటర్ల కూసున్న. లెక్క తక్కువ పడితే జేబుల నుంచి కట్టినోళ్లు ఉన్నరు, ఎక్కువొస్తే జేబుల పెట్టుకున్నోళ్లు ఉన్నరు. ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నయి." ఆ రాత్రి ఇంకెవరూ ఏం టైప్ చెయ్యలేదు.

కురుక్షేత్రంలో 18 హోల్స్

పుస్తకాల దగ్గరికి వస్తే, తెలుగువాడికి ముందు చెప్పాల్సింది 'ది లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్'. 1995లో స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ రాసిన నవల. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు విరిగిపోయి వచ్చిన ఓ ఆటగాడు. ముందు బాబీ జోన్స్, వాల్టర్ హేగన్ అనే ఇద్దరు మహామహులు. ఆడను పొమ్మంటాడు. అతని బ్యాగు మోసే కేడీ అతనికి నచ్చచెప్పి ఆడిస్తాడు. ఎక్కడో విన్నట్టుందా? ఆటగాడి పేరు రానల్ఫ్ జూనా. ఆర్. జూనా. గబగబా పలకండి. అర్జునా! బ్యాగర్ వాన్స్ అంటే భగవాన్. ప్రెస్‌ఫీల్డ్ దాచిందేం లేదు, భగవద్గీతని తీసుకునే ఈ కథ కట్టాడు. సారథి చేతిలో పగ్గాల బదులు గోల్ఫ్ బ్యాగు పెట్టాడు, అంతే.

2000లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ దీన్ని సినిమాగా తీశాడు. మ్యాట్ డేమన్ అర్జునుడు, విల్ స్మిత్ కృష్ణుడు అనుకోండి. సినిమా చూడటానికి బావుంటుంది గానీ గీతని బాగా పలచన చేసేశారు. నా ఓటు నవలకే. ఫలితం మీద కాకుండా చేస్తున్న పని మీద మనసు పెట్టాలనే మాట చిన్నప్పటి నుంచి క్యాలెండర్ల మీద, ఆటోల వెనక చూసీ చూసీ మనకి మొద్దుబారిపోయింది. ఆరడుగుల దూరంలో ఉన్న హోల్‌లోకి బంతిని నెట్టేటప్పుడు చేతులు వణికే మనిషి కథలో అదే మాట వింటే అర్థం వేరేగా తెలిసింది. నాకైతే ప్రొడక్షన్ రిలీజ్ రాత్రులు గుర్తొచ్చాయి.

ఇంకో తమాషా. 1972లో వచ్చిన 'గోల్ఫ్ ఇన్ ది కింగ్‌డమ్' అనే నవలకి అక్కడి ఫ్యాన్స్‌లో పెద్ద పేరు. అది రాసిన మైకేల్ మర్ఫీ యువకుడిగా ఉన్నప్పుడు పుదుచ్చేరిలోని అరవిందాశ్రమంలో కొన్నాళ్లు ఉండి వెళ్లినవాడు. స్కాట్లాండ్‌లో పుట్టిన ఆటకి అమెరికావాళ్లు తత్వం వెతుక్కుంటూ మన దగ్గరికి వచ్చారు. మనమేమో అది హీరోయిన్ నాన్న ఆట అనుకుంటున్నాం!

రైల్వే సార్‌కి ఈ తత్వాలు పట్టవు. ఆయన మనిషి వోడ్‌హౌస్. 1922 నాటి 'ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్' కథలు ఆయన గోల్ఫ్ చూడకముందే, కాజీపేట జంక్షన్‌లో నైట్ డ్యూటీలో చదివారట. అందులో కథలు చెప్పే ముసలాయన్ని 'ఓల్డెస్ట్ మెంబర్' అంటారు. గ్రూపులో సార్ కాంటాక్ట్ పేరు కూడా మేం అదే పెట్టుకున్నాం. ఆయన దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నది ఇంకోటి: హార్వీ పెనిక్ 'లిటిల్ రెడ్ బుక్'. టెక్సాస్‌లో చిన్నప్పుడు కేడీగా మొదలై కోచ్ అయిన మనిషి, తను గమనించినవన్నీ దశాబ్దాల పాటు ఓ ఎర్ర నోటుబుక్కులో రాసుకున్నాడు. 1992లో అది పుస్తకమైంది. 1995 ఏప్రిల్‌లో ఆయన పోయారు. ఆయన శిష్యుడు బెన్ క్రెన్‌షా బుధవారం గురువు శవపేటికని మోసి, అగస్టాకి తిరిగెళ్లి, ఆదివారం మాస్టర్స్ గెలిచాడు. చివరి పుట్ పడగానే నడుం వంచి మొహం చేతుల్లో దాచుకున్న వీడియో యూట్యూబ్‌లో ఉంటుంది. చూడండి.

నవ్వుకోవడానికైతే 1996 నాటి 'హ్యాపీ గిల్మోర్'. దాన్నే హిందీలో 2016లో నవాజుద్దీన్ సిద్దిఖీతో 'ఫ్రీకీ అలీ'గా తీశారు. హిందీది ఒకసారి చాలు. అయినా ఆ పాత్ర లాంటి మనిషి మనకి నిజంగానే ఉన్నాడు. ఢిల్లీలో కేడీగా బ్యాగులు మోసి, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్. ఆయన మీద ఒక్క వెబ్ సిరీస్ రాకపోవడం మన ఓటీటీల బద్ధకం.

మరి స్టార్ ఆటగాళ్లు ఏం చూస్తారు, ఏం చదువుతారు? 2022 మాస్టర్స్ గెలిచిన వారంలో స్కాటీ షెఫ్లర్ రాత్రుళ్లు 'ది ఆఫీస్' చూశాడు. 2025లో రోరీ మెకల్రాయ్ పదకొండేళ్ల ఎదురుచూపు తర్వాత మేజర్ గెలిచిన వారంలో చదివింది జాన్ గ్రిషమ్ నవల. మీరూ నేనూ పరీక్ష ముందు రోజు చేసే పనే.

ఫ్లాగ్ అనే ఫైలు

ఇది నా ఏరియా కాబట్టి కాస్త ఓపిక పట్టండి. 1984లో నింటెండో 'గోల్ఫ్' అనే గేమ్ తెచ్చింది. ఆ చిన్న మెమరీలో 18 హోల్స్ పట్టవని ప్రోగ్రామర్లు చేతులెత్తేస్తే, ఓ కుర్రాడు డేటాని కుదించే పద్ధతి తనే తయారుచేసుకుని పట్టించాడు. పేరు సతోరు ఇవాటా. తర్వాత అదే కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. 2015 జులై 11న క్యాన్సర్‌తో పోయాడు. 2017లో స్విచ్ కన్సోల్ వచ్చాక, లోపల ఎవరికీ చెప్పకుండా ఆ పాత గేమ్ దాచి ఉందని కొందరు కనిపెట్టారు. తారీఖు జులై 11 అయ్యుండాల్సి వచ్చేది. ఇవాటా వీడియోల్లో చేతులు ముందుకు చాపినట్టు కంట్రోలర్లు కదపాల్సి వచ్చేది. అప్పుడే తెరుచుకునేది. ఆ ప్రోగ్రామ్ పేరు 'ఫ్లాగ్'. ఇంగ్లిష్‌లో గోల్ఫ్ స్పెల్లింగ్ తిరగేస్తే వచ్చేది. ఓ ప్రోగ్రామర్‌కి ఇంతకంటే మంచి సమాధి నేను చూడలేదు.

మా ఆఫీసువాళ్లిద్దరూ ఇంకో హాబీ ద్వారా వచ్చారు: కోడ్ గోల్ఫ్. ఇచ్చిన ప్రాబ్లమ్‌ని వీలైనన్ని తక్కువ అక్షరాల్లో రాయాలి. తక్కువ స్ట్రోక్‌లే గెలుపు కదా, అదే లెక్క. అలా రాసిన కోడ్ మళ్లీ చదివితే రాసినవాడికే అర్థం కాదు, అది వేరే విషయం.

తకదిమి

మ్యూజిక్ అంటే చాలామందికి గుర్తొచ్చేది మాస్టర్స్ ప్రసారంలో వచ్చే పియానో ట్యూన్. డేవ్ లాగిన్స్ కట్టిన 'అగస్టా' అది, 1982 నుంచి వాడుతున్నారు. మనకి ఆ టోర్నీ ముగిసేది సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి. ఆ ట్యూన్‌ని స్టూడియో అన్న అలారంగా పెట్టుకున్నాడు, వదినతో తిట్లు తింటున్నాడు. రాక్ స్టార్ ఆలిస్ కూపర్ తాగుడు మానడానికి గోల్ఫ్‌కి అలవాటు పడి, ఆ కథని 2007లో పుస్తకంగా రాశాడు. అది మా లిస్టులో ఇంకా చదవాల్సినదే.

నాకు ఇష్టమైన సంగీతం గోల్ఫ్ స్వింగ్ లోపలే ఉంది. జాన్ నొవోసెల్ అనే ఆయన టీవీ వీడియోల్ని ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టి, 2004లో 'టూర్ టెంపో' అని పుస్తకం రాశాడు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో, మంచి ఆటగాళ్లు క్లబ్‌ని పైకి ఎత్తడానికి 27 ఫ్రేములు పడితే కిందికి దింపి బంతిని కొట్టడానికి 9. కొందరికి 24, 8. ఇంకొందరికి 21, 7. వేగం మారినా నిష్పత్తి మాత్రం మూడుకి ఒకటి. చదవగానే నా నోట్లోంచి వచ్చింది "తకదిమి". త, క, ది అంటూ పైకి. మి దగ్గర బంతి. చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం క్లాసుకి పంపించినందుకు మా నాన్నకి ఇన్నాళ్లకి గిట్టుబాటైంది.

మాకు అందుబాటులో ఉన్న కోర్సులు హైదరాబాద్‌లోవే. గచ్చిబౌలి వైపు ఒకటి, గోల్కొండ నయా ఖిలాలో ఇంకోటి. నయా ఖిలాలో మనుషులు దాక్కునేంత బోలు మాను ఉన్న పాత బావోబాబ్ చెట్టుంది, చారిత్రక గోడలున్నాయి. అక్కడ గోల్ఫ్ ఏంటని చరిత్ర ప్రేమికులు అడిగారు. ఫ్యాన్‌గా కోర్సు ఫొటోలు సేవ్ చేసుకుంటాను గానీ, వాళ్లు అడిగింది న్యాయమే అనిపిస్తుంది. గోల్కొండకి మొదటి మట్టి కోట మా కాకతీయులే కట్టారంటారు, ఆ మాత్రం హక్కుతో చెప్తున్నా.

మాలో నిజంగా ఆడాలని ఉన్నది ఒక్కరికే. ఇంటర్ అమ్మాయికి. పోయిన దసరా సెలవుల్లో అందరం కాజీపేటలో రైలెక్కి వెళ్లి, ఓ డ్రైవింగ్ రేంజ్‌లో బకెట్ బంతులు తీసుకున్నాం. మిగతా ఆరుగురం గడ్డి తవ్వాం. ఆ పిల్ల కొట్టిన పదో బంతి నిటారుగా లేచి వెళ్లింది. వాళ్లమ్మ కూడా వచ్చారు. చాలాసేపు చూసి నన్ను పక్కకి పిలిచారు. "తమ్మీ, ఇది స్పోర్ట్స్ కోటాల వస్తదా?"

"అక్కా, ముందు ఆడనీ" అన్నాను.

అందరం తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో ఏడో నంబర్ ఐరన్ ఒకటి కొన్నాం. ఆ పిల్ల ఇంటర్ పరీక్షలకి చదువుకుంటూనే సాయంత్రం అరగంట డాబా మీద ప్లాస్టిక్ బంతులతో కొడుతోంది. నిన్న స్టూడియో అన్న వెళ్లి వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టి గ్రూపులో పెట్టాడు. పైకి 31, కిందికి 9. ఇంకా నాలుగు ఫ్రేములు తగ్గాలి.