అత్తయ్య పడవ ప్రయాణం

పటాన్‌చెరులో బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే నేను విసుక్కుంటాను. ఎనభై ఏళ్ళ మా అత్తయ్య నవ్వుతారు. ఆవిడ పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో, బకింగ్‌హాం కాలువ గట్టున. 1963లో తొలి కాన్పుకి పడవలోనే వెళ్ళారట.

గాలి వాటంగా ఉంటే తెరచాప. లేకపోతే మనుషులు గట్టున నడుస్తూ తాడుతో లాగడమే! నీళ్ళు తగ్గితే పడవ ఇసుకలో కూరుకునేది.

"తెచ్చుకున్న మంచినీళ్ళు అయిపోయాయి. చుట్టూ ఉప్పునీళ్ళే. నొప్పులొస్తాయేమోనని ఒకటే భయం" అన్నారు. ఇల్లు చేరిన రాత్రే మా బావగారు పుట్టారు!

1965-66, 1976 తుఫానులకి కాలువ దెబ్బతింది, పడవలూ తగ్గాయి. అయినా 2004లో సునామీ నీటిని కొంత తనలో ఇముడ్చుకుని ఒడ్డువాళ్ళని కాచింది ఈ కాలువే.

ఇప్పటికీ గుమ్మం దాటితే అత్తయ్య చేతిలో మరచెంబు ఉండాల్సిందే. ఇక నేనూ మర్చిపోను!